మా గడప ముందు మూడో యూనిట్

"ఈ రోజు నుంచి ఇంజనీరింగ్ విద్యకు తరగతి గది ఉండదు" అని మంత్రిగారు తార్నాకలోని ఫంక్షన్ హాల్లో ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. చాలా కాలేజీల్లో తరగతి గదులు ఇదివరకే లేవు. కాని ఉన్నచోట కూడా ఉండవని ఇంత ధైర్యంగా చెప్పిన నాయకుడు మాత్రం ఆయనొక్కరే.

నేను రెండో వరుసలో కూర్చున్నాను. మా మాణికేశ్వర్ నగర్ ఆడవాళ్ళను బస్సు పెట్టి పిలిపించి, మెడలో "భాగస్వామి" అని కార్డు వేసి, చేతిలో బిర్యానీ టోకెన్ పెట్టి కూర్చోబెట్టారు. నా ఒళ్ళో మా మిన్ను. దానికి అప్పుడప్పుడే అడుగులొస్తున్నాయి కాబట్టి ఒళ్ళో ఉన్నా కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

"పాఠం పుస్తకంల లేదు, బోర్డు మీద లేదు. సమస్యల ఉన్నది" అన్నారు మంత్రిగారు. "సమస్య ఏడ ఉంటే ఇంజనీరింగ్ ఆడ. మన పిల్లలు సమస్యను ప్రేమించాలె."

తర్వాత మైకు మా వరుసకు పంపారు. పక్కావిడ నన్ను మోచేత్తో పొడిచింది. మంత్రిగారు నా వైపు చూశారు.

"చెప్పు తల్లీ. నీ సమస్య ఏంది? భయపడకు, నేనున్న."

"సార్, మా గడప ముంగట మురికినీళ్ళ మోరీ మీద బండ ఒకటి పోయింది. పిల్లకు నడక వచ్చింది. ఒక్క బండ వేయిస్తే చాలు సార్."

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి, పక్కనున్న వైస్ ఛాన్సలర్ గారి వైపు తిరిగారు.

"విన్నరా? ఇది మోరీ కాదు. ఇది కరిక్యులమ్."

అందరూ లేచి నిలబడ్డారు. నేనూ లేచాను, మిన్ను అప్పటికే స్టేజీ మెట్ల దగ్గరికి చేరింది కాబట్టి. మర్నాడు పేపర్లో మంత్రిగారు మిన్నును ఎత్తుకున్న ఫొటో వచ్చింది. కింద "సమస్యను ఎత్తుకున్న మంత్రి" అని రాశారు. బండ వేస్తారా లేదా అన్నది మాత్రం రాయలేదు. స్థలం చాలక కాబోలు.

మా బస్తీకీ ప్రగతి సాంకేతిక విశ్వవిద్యాలయానికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ అవతలి నుంచి వారం తిరక్కుండానే ప్రొఫెసర్ శాంసన్ గారు వచ్చారు. ఆయన కరిక్యులమ్ డీన్. కోస్తా వైపు మనిషి, ఆదివారం తార్నాక చర్చిలో పాటలు పాడతారు, చీమను కూడా అండీ అనే స్వభావం. వెంట విద్యార్థులు, వాళ్ళ చేతుల్లో పసుపురంగు చిన్న చిన్న కాగితాలు. వచ్చీ రాగానే వాటిని మా తలుపు నిండా అంటించారు.

"అమ్మా, ఈ గుంత చూసినప్పుడు మీకేమనిపిస్తుందండీ?" అని శాంసన్ సార్ అడిగారు.

"బండ వేస్తే బాగుండనిపిస్తది సార్."

"అది పరిష్కారమమ్మా. మనమింకా అక్కడికి రాలేదు. ఇది మొదటి వారం. ముందు సానుభూతి."

విద్యార్థులంతా గుంత చుట్టూ చేరి, తలలు వంచి, సానుభూతి పడ్డారు. పడ్డవాళ్ళకు అక్కడే అటెండెన్స్ వేశారు. మా అత్త బుచ్చవ్వ గడప మీద బియ్యం ఏరుతూ ఇదంతా చూసింది.

"ఏం సారూ, అందరు తలకాయలు వంచిన్రు. లోపల ఎవరన్న పోయిన్రా?"

"లేదమ్మా, నేర్చుకుంటున్నారు."

"మంచిదే. నేర్చుకునుడు అయినంక జర బండ ఎయ్యిరి."

ఆ రోజుల్లో నేను మిన్ను నడుముకు పాత చున్నీ కట్టి, ఆ కొసను తలుపు గొళ్ళేనికి ముడివేసేదాన్ని. చున్నీ సరిగ్గా మోరీకి జానెడు ఇవతల ఆగేది. అన్నం వండుతున్నా నా చెవి గొళ్ళెం మీదే. అది చప్పుడైతే పిల్ల లాగుతోందని అర్థం, కాకపోతే ముడి ఊడిందేమోనని భయం. విద్యార్థులకు ఆ చున్నీ ఎంతో నచ్చింది. దాన్ని "స్థానిక పరిజ్ఞానం" అని ఫొటోలు తీసి, విద్యానగర్‌లో జరిగిన సదస్సులో చూపించి మొదటి బహుమతి తెచ్చుకున్నారు. మిన్నుకు కూడా సర్టిఫికెట్ ఇచ్చారు. అది మిన్ను తినేసింది.

నెల తిరిగేసరికి కొత్త సిలబస్ వచ్చింది. మొదటి యూనిట్ సమస్యను చూడడం. రెండోది సమస్యను అడగడం. మూడో యూనిట్ మా గుంత. పేరు, గల్లీ, ఇంటి నంబరుతో సహా అచ్చు వేశారు. మా వంశంలో పుస్తకంలోకి ఎక్కింది ఆ గుంతే మొదలు.

మా ఆయన దివాకర్ తార్నాకలో బాలస్వామి సేటు గ్రానైట్ షాపులో పనిచేస్తాడు. అక్కడ శిలాఫలకాలు చెక్కుతారు. ప్రారంభోత్సవాలంటే ప్రభుత్వానికి ఉన్న శ్రద్ధ వల్ల షాపుకు తీరిక ఉండదు. కట్టని బ్రిడ్జికి కూడా ఫలకం టైముకు అందించిన షాపని దానికి మంచి పేరు. ఒక ఆదివారం మా ఆయన అంచు విరిగిన బండ ఒకటి సేటునడిగి, ట్రాలీ ఆటోలో తెచ్చి మోరీ మీద పరిచాడు. నేను చున్నీ విప్పాను. మిన్ను ఎదురింటిదాకా నడిచి, వాళ్ళ మేకపిల్లను ఒకసారి ముట్టుకుని, మళ్ళీ నడిచి వచ్చింది. ఆ పూట నేను అన్నం స్థిమితంగా తిన్నాను.

చెయ్యి కడుక్కునేలోపే యూనివర్సిటీ జీపు వచ్చింది. అది పరీక్షల స్క్వాడ్ జీపు. శాంసన్ సార్ దిగారు. ఆయన ముఖంలో నిజంగానే బాధ ఉంది.

"దివాకర్ గారూ, ఎంత పని చేశారండీ. మూడో యూనిట్ ఆన్సర్ తెచ్చి రోడ్డు మీద పెట్టేశారు."

"అది బండ సార్" అన్నాడు మా ఆయన.

"ఆన్సరేనండీ. వచ్చే నెల పరీక్ష. పిల్లలు వస్తూ పోతూ చూస్తే లీకేజీ కాదా? అసలే రోజులు బాగాలేవు. రేపు టీవీవాళ్ళు అడిగితే నేనేం చెప్పుకోను?"

"జవాబు తెలిసినంక మల్ల పరీక్ష ఎందుకు సారూ?" అన్నది మా అత్త.

"తెలిసినా తెలియనట్టు మొదలుపెట్టాలమ్మా. అదే ఈ పద్ధతిలో గొప్పతనం."

స్క్వాడ్ వాళ్ళు బండను తెల్లగుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి జీపెక్కించారు. తిరిగి వెళ్ళేటప్పుడు గల్లీ మొదట్లో జీపు ఇరుక్కుంది. అక్కడ నడిరోడ్డు మీద పాత శిలాఫలకం ఒకటుంది. ఎప్పటిదో పార్కు ప్రారంభోత్సవం. పార్కు రాలేదు, ఫలకం వచ్చింది. ఆటోలు, పాలబండ్లు, పెళ్ళి ఊరేగింపులు అన్నీ దాన్ని చుట్టి పోతాయి.

"ఇది కూడ బండనే గద సార్. ఇది తీసుకపోరాదుండ్రి" అన్నాను నేను స్క్వాడ్ పెద్దాయనతో.

ఆయన గొంతు తగ్గించాడు. "మంత్రిగారి పేరున్న బండమ్మా. మేం ముట్టద్దు. దాన్ని కదిలించాలంటే మళ్ళ మంత్రిగారే రావాలె. లేకుంటే ప్రోటోకాల్ కేసయితది."

జీపు గోడను గీసుకుంటూ, ఫలకానికి తగలకుండా, భక్తిగా వెళ్ళిపోయింది.

పరీక్షలు అయిపోయాయి. బండ రాలేదు. మిన్నును చంకనేసుకుని నేను క్యాంపస్‌కు వెళ్ళాను. శాంసన్ సార్ కుర్చీ వేయించి, మిన్నుకు బిస్కెట్ ఇప్పించారు.

"వేసేస్తామమ్మా. మంత్రిగారొచ్చి కోర్సు పూర్తయినట్టు శిలాఫలకం ఆవిష్కరిస్తారు, అదే రోజు బండ. కాని ఆఖరి విద్యార్థి పాసయ్యేదాకా సిలబస్ ముట్టుకోకూడదని రూలండీ. రేపు అతను సప్లిమెంటరీ రాస్తానని వస్తే గుంత ఉండాలి కదా."

"ఇంకెంతమంది ఉన్నరు సార్?"

"ఒక్కడేనమ్మా. భూపాల్."

భూపాలన్నను తార్నాకలో ఎరగనివారు లేరు. చెవి దగ్గర ఫోను పెట్టుకుని సిగ్నల్ దగ్గర ఏడాది పొడవునా ఫ్లెక్సీలో నిలబడి ఉంటాడు. విద్యార్థి నాయకుడు. ఆయనతో పాటు కాలేజీలో చేరినవాళ్ళ పిల్లలు కూడా ఇప్పుడు స్కూలుకు పోతున్నారు. నేను వెళ్ళేసరికి హాస్టల్ మెట్ల మీద తెల్లచొక్కాతో చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, నువ్వు పాసయితే మా మోరీ మీద బండ పడతది."

"చెల్లె, నేను పాసయితే నా రూము పోతది. రూము పోతే ఉద్యమం పోతది. నువ్వు నీ ఒక్క ఇల్లు చూస్తున్నవు. నేను రాష్ట్రం చూడాలె."

"ఏం ఉద్యమం అన్నా?"

"హాస్టల్ రూములు ఖాళీ చెయ్యమంటున్రు. దాని మీదనే."

మిన్ను ఆయన సాసర్‌లో చెయ్యి పెట్టింది. నేను దాని చెయ్యి తుడుస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాను. "మా ఆయన శిలాఫలకాలు చెక్కుతడు. భూపాలన్న పేరు ఇప్పటిదాంక నా ఉలి కింద పడలేదేందని మొన్ననే అన్నడు."

భూపాలన్న చాయ్ కింద పెట్టాడు. "ఫ్లెక్సీల మీద వస్తది గద."

"ఫ్లెక్సీ వానకు చినుగుతది అన్నా. లేకుంటే ఎవరో ఒకరు మేకల కొట్టం మీద కప్పుకుంటరు. రాయి పోదు."

"రాయి మీదికి రావాలంటే ఏం గావాలె?"

"డిగ్రీ అయిపోవాలె. చదువుకుంట ఉన్నోళ్ళ పేరు ప్రోటోకాల్‌ల లేదంట. నల్ల గ్రానైట్, బంగారు రంగు అక్షరాలు. భూపాల్, కామా, బి.ఇ."

ఆయన తార్నాక సిగ్నల్ వైపు తిరిగాడు.

"అక్షరం ఎంత పెద్దగ చెక్కుతరు?" అన్నాడు.

ఆయన కోసం ప్రత్యేక సప్లిమెంటరీ పెట్టారు. వైవా మా గుంత దగ్గరే. సమస్య ఎవరిదో వాళ్ళే మార్కులు వేయాలన్నది కొత్త పద్ధతి కాబట్టి, ఎగ్జామినర్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఇంటర్ మధ్యలో ఆగిపోయిన మనిషి ఇంజనీరుకు మార్కులు వేయడం ఈ విద్యావిధానంలో తప్ప ఎక్కడా కుదరదు.

"భూపాల్, ఈ సమస్యను ఎలా నిర్వచిస్తావు?" అన్నారు శాంసన్ సార్.

"గుంత సార్."

"మూలకారణం?"

"బండ లేదు."

"పరిష్కారం?"

"బండ."

శాంసన్ సార్ నొచ్చుకున్నారు. "మిగతా పిల్లలు ఇదే జవాబుకు ఎనభై స్లైడులు చూపించారయ్యా. నీ సొంత ఆలోచన ఏమైనా ఉందా?"

"బండ వెయ్యకపోతే ధర్నా."

నూటికి నూరు వేశాను.

మర్నాడు శాంసన్ సార్ వెలిగిపోతూ వచ్చారు. వెనక గడ్డపారలతో ఇద్దరు మనుషులు.

"అమ్మా, అందరూ పాస్. హండ్రెడ్ పర్సెంట్ అటెయిన్‌మెంట్. దేశంలో ఎక్కడా రాలేదండీ."

"సంతోషం సార్. బండ ఏది?"

"అక్కడే ఒక చిన్న సంగతమ్మా. అందరూ పాసయ్యారంటే లక్ష్యం మరీ తేలికగా ఉందని అర్థం. అలాంటప్పుడు టార్గెట్ పెంచాలి. నిరంతర అభివృద్ధి అంటాం."

గడ్డపారల వాళ్ళు మోరీ మీద మిగిలిన పక్క బండను కూడా పెకిలించారు. అలా పెద్దదైన గుంతకు లెవెల్ టూ అని పేరు. వచ్చే శుక్రవారం మంత్రిగారు ప్రారంభిస్తారని చెప్పి, శాంసన్ సార్ మిన్ను బుగ్గ నిమిరి వెళ్ళారు.

నేను చున్నీని మధ్యకు మడిచి కట్టాను. ఇప్పుడు మిన్నుకు గడప దాటే వీల్లేదు. కాసేపు లాగింది, కాసేపు ఏడ్చింది, తర్వాత గడప మీద కూర్చుని ఎదురింటి మేకపిల్లను చూస్తూ ఉండిపోయింది.

"ఒక్క బండ అడగపోతివి, రెండోది పోగొడితివి" అన్నది మా అత్త. "ఇంకేమన్న అడిగేటిది ఉన్నదా పిల్లా మంత్రిని?"

నేను లోపలికెళ్ళి చాప తెచ్చి గుంత మీద పరిచి చూశాను. గుంత సరిగ్గా చాపంత ఉంది. చాప చుట్టి చంకన పెట్టుకుని, మరో చంకన మిన్నును వేసుకుని, మా ఆయనకు టిఫిన్ బాక్స్ ఇచ్చే మిషతో తార్నాక పోయాను.

లెవెల్ టూ ఫలకం ఆర్డరు బాలస్వామి సేటుకే వచ్చింది. మంత్రిగారు, వైస్ ఛాన్సలర్ గారు, డీన్ గారు, భూపాలన్న, నాలుగే పేర్లు.

"చిన్నదే. చాటంత సరిపోతది" అన్నాడు సేటు.

"ఎమ్మెల్యే గారి పేరు లేదేంది సేటూ?" అన్నాను నేను.

సేటు ఉలిక్కిపడి డీన్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతల శాంసన్ సార్ ఇంకా ఎక్కువగా ఉలిక్కిపడి, తన ఉద్యోగం కాపాడినందుకు దండం పెట్టారు. ఎమ్మెల్యే గారిని చేర్చారు. మరి ఎంపీ గారో అన్నాను. ఆయన ఎదుటి పార్టీ, అయినా ప్రోటోకాల్. కార్పొరేటర్ గారిని, రిజిస్ట్రార్ గారిని, పరీక్షల కంట్రోలర్ గారిని నేనే గుర్తుచేశాను. పాత వైస్ ఛాన్సలర్లను మరిచిపోతే నొచ్చుకోరా అన్నాను. ఈలోగా భూపాలన్న ఫోన్ చేసి, తన పేరు మంత్రిగారి పేరంత ఉండాలన్నాడు. ఆ సంగతి తెలిసి మంత్రిగారి పి.ఏ. ఫోన్ చేసి, మంత్రిగారిది ఇంకో సైజు పెంచమన్నాడు. దాంతో ఎమ్మెల్యే గారు, ఎంపీ గారు కూడా పెరిగారు. ఒక్క పూటలో ఇంతమంది పెద్దలు ఎదగడం నేను కళ్ళారా చూశాను.

"గీ బండ సాలదు" అన్నాడు సేటు చెమట తుడుచుకుంటూ.

"పెద్దది తీయి సేటూ."

పిల్లకు నిద్ర వస్తోందని షాపులో చాప పరిచాను. మిన్ను దాని మీద పడుకోకుండా అటూ ఇటూ తిరిగింది. సేటు చాపను చూశాడు. గోడకు ఆనించిన పెద్ద బండను చూశాడు. మా ఆయనను చూశాడు. మా ఆయన ఉలిని చూసుకున్నాడు.

"ఇంకో పేరు పడితే అంచులకు మంచిగుంటది" అన్నాను నేను.

"నియోజకవర్గం ఇన్‌ఛార్జి ఉండనే ఉన్నడు" అన్నాడు సేటు, మెల్లగా.

శుక్రవారం మంత్రిగారు వచ్చారు. గుంత పక్కన పొద్దున్నే కట్టిన ఇటుక దిమ్మె, దాని మీద తడి సిమెంటులో నిలబెట్టిన నల్ల గ్రానైట్. మంత్రిగారు తెర లాగితే పేర్లు చదవడానికే సభలో సగం టైము పట్టింది.

"పోయినసారి మీకు ఒక్క బండ లేకుండె" అన్నారు మంత్రిగారు. "ఇయ్యాల రెండు లేవు. ఇదీ మన ప్రగతి."

చప్పట్లు కొట్టాం. మిన్నును మళ్ళీ ఎత్తుకున్నారు. భూపాలన్న తన పేరు పక్కన నిలబడి ఫొటోలు దిగాడు.

తెల్లారేసరికి ఫలకం దిమ్మె మీద లేదు. మోరీ మీద వెల్లకిలా కాదు, బోర్లా పడి ఉంది. రాత్రి పెద్ద గాలి వచ్చిందని మా బస్తీ అంతా ఒకే మాట చెప్పింది. ఆరేసిన బట్టలు మాత్రం ఎవరివీ కదల్లేదు. బాలస్వామి సేటు ట్రాలీ ఆటో ఎందుకో మా గల్లీలోనే ఉంది.

స్క్వాడ్ జీపు వచ్చింది. శాంసన్ సార్ తల పట్టుకున్నారు. "తీసేయండయ్యా, లెవెల్ టూ క్లాసు పదింటికి."

స్క్వాడ్ పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. "మంత్రిగారి పేరున్న బండ సార్. వారే రావాలె."

పి.ఏ.కు ఫోన్ చేశారు. మంత్రిగారు ఉన్నత విద్య అధ్యయనం కోసం ఫిన్లాండ్ వెళ్ళారనీ, అక్కడ తరగతి గదులు చూస్తున్నారనీ చెప్పాడు.

భూపాలన్న పరుగున వచ్చి, మోరీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూశాడు. "నా పేరేది చెల్లె?"

"కిందనే ఉన్నది అన్నా. రాయి పోదు."

నేను గొళ్ళెం దగ్గర చున్నీ ముడి విప్పాను. మిన్ను గడప దిగి, బండ మీద నడిచి, ఎదురింటి మేకపిల్ల దగ్గరికి పోయింది. స్క్వాడ్ పెద్దాయన బండ చుట్టూ ఒకసారి తిరిగి, మా ఆయన ముందు ఆగాడు.

"గాలి అన్నరు గద. మరి పేర్లున్న నున్నటి దిక్కే కిందికి ఎట్ల పడ్డది?"

మా అత్త చాటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అన్నది.

"నున్నటి దిక్కు మీదికుంటే పిల్ల జారి పడదా సారూ?"

శాంసన్ సార్ జేబులోంచి పసుపురంగు కాగితం తీసి, ఆ మాట రాసుకుని, మా తలుపుకు అంటించారు.